కీబోర్డుకి గరుకు

మా ఊరి మోరి మావకి ముందు పళ్ళు రెండు ఊడిపోయిన ఏడాదే నేను డిస్టార్షన్ పెడల్ కోసం వెతకడం మొదలుపెట్టాను. ఈ రెండింటికీ ఏం సంబంధమని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. నర్సీపట్నంలో మేం కట్టే ఒక నెల ఇంటి అద్దె ఆ చిన్న పసుపుపచ్చ డబ్బాకి పోసినందుకు ఆమెకి అడిగే హక్కు ఉంది.

నేను ఉండేది నర్సీపట్నం, పనిచేసేది ఘాటు పైన. మా వైపు టీచర్లలో చాలామందిది ఇదే బతుకు. ట్రైనింగు చదివే రోజుల్లో పక్క గది కుర్రాడి దగ్గర చిన్న కాసియో మీద వేళ్ళు పెట్టడం నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చాక ఒక యమహా కొన్నాను. బళ్ళో ప్రార్థనకి, ఆగస్టు పదిహేనుకి, వార్షికోత్సవానికి అదే. పాటలు చెవితో పట్టడం తప్ప నొటేషన్ నాకు పెద్దగా రాదు.

మోరి అంటే తెలియని మైదానం పాఠకుల కోసం ఒక మాట. సన్నాయి జాతి వాద్యమే. ఊదే చోట రెండు ఆకుల పీక, కిందకి పోయేకొద్దీ వెడల్పయ్యే గొట్టం. ఒడిశా వైపు మొహురి అంటారు. మా థింసాకి తుడుము, డప్పు, కిరిడి, జోడుకొమ్ములు ఉన్నా మోరి పలకకపోతే ఆడవాళ్ళు చేతులు కలపరు. మా ఊళ్ళో మోరి పట్టేది వాల్మీకుల ఇంటివాళ్ళు. తెగ వేరైనా వరస కలుపుకుంటాం. ఆ ఇంటి పెద్దాయన నాకు మావ అవుతాడు. ఊరంతటికీ మోరి మావే.

పళ్ళు ఊడితే పీక పెదాల మధ్య నిలవదు. గాలి పక్కలనుంచి పోతుంది. రెండు పెళ్ళిళ్ళలో సగంలో ఆపేశాడు. మూడో పెళ్ళికి థింసా జట్టువాళ్ళు ఆయన్ని పిలవనే లేదు, సెల్లులోంచి పాట పెట్టుకున్నారు. ఆ వారమే నా దగ్గరికి వచ్చాడు.

"అల్లుడా, నీ పెట్టెలో మోరి కూడా ఉంటాదంట గదా. ఒకపాలి ఇనిపించు."

నేను సంబరంగా షెహనాయ్ వాయిస్ పెట్టి, ఇటుకల పండగ పాట వరస వాయించాను. మావ చివరిదాకా విన్నాడు. మర్యాదస్తుడు కాబట్టి కాసేపు ఏమీ అనలేదు.

"ఇది పెళ్ళికొడుకులాగుంది. తానం సేసి పౌడరు రాసుకుని కూకున్నాడు. మన మోరి కొండెక్కొచ్చినోడు అల్లుడా. సెమట ఉండాల."

ఆ మాట నన్ను వదల్లేదు. కీబోర్డు కంపెనీవాళ్ళు ఎవరో మంచి విద్వాంసుణ్ణి మంచి గదిలో కూర్చోబెట్టి, మంచి మైకు పెట్టి రికార్డు చేసి ఉంటారు. అందులో తప్పు లేదు. కానీ మేం మోరిని విన్నది అలా కాదు. ఆరుబయట, దుమ్ములో, ఇరవై అడుగుల దూరం నుంచి, తుడుము పక్కనే విన్నాం. ఇక సినిమా పాట అయితే వెదురు గెడకి కట్టిన హారనులోంచి. చిన్నప్పుడు పక్క ఊళ్ళో పెళ్ళి అవుతుంటే రెండు కొండల అవతలికి వినపడేది ఆ మైకు సెట్టు. బ్యాటరీ దిగిపోయేకొద్దీ గొంతు బొంగురుపోయేది. మాకు ఘంటసాల గొంతైనా జానకి గొంతైనా మొదట చెవిన పడింది బొంగురుగానే. నేను నర్సీపట్నం వచ్చి ఒకరింట్లో టేప్ రికార్డరులో అదే పాట విన్నప్పుడు ఏదో తక్కువైనట్టు అనిపించింది. అది నా అమాయకత్వమే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఆ బొంగురుకే ఇంగ్లీషు పేరు డిస్టార్షన్. వాడుకలో దాన్ని తప్పుగానే చూస్తాం. ఆంప్లిఫయరు మోయగలిగిన దానికంటే పెద్ద శబ్దం లోపలికి పంపితే తరంగం పైభాగం తెగిపోతుంది. నేను మా ఎనిమిదో తరగతి పిల్లలకి బోర్డు మీద తరంగాన్ని కొండల వరసలా గీసి, డస్టరుతో శిఖరాలు చెరిపి చూపించాను. 2015లో బాక్సైటు తవ్వకాలకి 97 నంబరు జీవో వచ్చినప్పుడు ఇళ్ళల్లో జరిగిన మాటలన్నీ విని పెరిగిన పిల్లలు వాళ్ళు. కొండ తల నరకడమంటే వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక్కసారిగా బల్లపరుపుగా నరికితే గట్టి డిస్టార్షన్. అంచులు గుండ్రంగా అరగదీస్తే మెత్తటిది, దాన్నే ఓవర్‌డ్రైవ్ అంటారు. కోసిన చోట కొత్త స్వరాలు పుడతాయి. అసలు స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల వేగంతో కంపించే స్వరాలు. గొంతుకి గరుకు అనిపించేది వాటివల్లే.

చదువుతూ పోతే ఒక సంగతి దొరికింది, అది నాకు కొంచెం ధైర్యమిచ్చింది. 1962లో గిబ్సన్ కంపెనీ మేస్ట్రో ఫజ్‌టోన్ అనే పెట్టె అమ్మకానికి పెట్టింది. బజారులో దొరికిన మొట్టమొదటి ఫజ్ పెట్టెల్లో అదొకటి. నాష్‌విల్ స్టూడియోలో ఒక మిక్సరు చానెల్ చెడిపోయి గిటారు బుర్రుమని పలికితే, ఆ చెడిపోయిన శబ్దాన్నే కావాలని మళ్ళీ పుట్టించడానికి చేశారు దాన్ని. గిటారును ట్రంపెట్‌లా, ట్యూబాలా మోగిస్తుందని చెప్పి అమ్మారు. అంటే ఊదుడు వాద్యాల గొంతు కోసమే దీన్ని జనం ముందుకి తెచ్చారన్నమాట. 1965లో రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ కూడా ఊదుడు వాద్యాల వరస ఎలా ఉండాలో చూపించడానికే దానితో వాయించాడట. చివరికి రికార్డులో అదే ఉండిపోయింది. లండన్‌లో కింక్స్ బృందం డేవ్ డేవిస్ అయితే 1964 ప్రాంతంలో స్పీకరు కాగితాన్నే బ్లేడుతో కోశాడు. మా ఊరి మైకు సెట్టు స్పీకరుని ఎలకలు ఉచితంగా కోసిపెట్టాయి.

కీబోర్డులకీ ఇది కొత్త కాదు. డీప్ పర్పుల్ బృందంలో జాన్ లార్డ్ తన హామండ్ ఆర్గన్‌ని గిటారు కోసం చేసిన మార్షల్ ఆంప్లిఫయరులోకి పంపి గర్జింపజేశాడు. 1970లో వచ్చిన మినీమూగ్ సింథసైజరు వాయించేవాళ్ళు హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చే శబ్దాన్ని వైరుతో మళ్ళీ దాని లోపలికే పంపి గొంతు చించేవారు. ఆ పద్ధతి ఖర్చు లేనిది కాబట్టి నాకు బాగా నచ్చింది. నా యమహాకి అలాంటి రంధ్రం లేదు.

మొదటి పెడల్ అరువుది. నర్సీపట్నంలో చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు నారింజ రంగు బాస్ డి.ఎస్.1 ఇచ్చాడు. 1978 నుంచి ఉన్న పెడల్. మా డాబా మీద పెట్టి మూడు వేళ్ళతో ఒక కార్డు నొక్కాను. కింది వాటావాళ్ళు మిక్సీ కాలిపోయిందేమోనని పైకొచ్చారు. పెడల్ తప్పు కాదది. రెండు స్వరాలు కలిపి డిస్టార్షన్‌లోకి పంపితే వాటి కూడికలు, తీసివేతలు కూడా స్వరాలై బయటికి వస్తాయి. స, ప కలిపి నొక్కితే ఆ తీసివేత కింది స దగ్గరే పడుతుంది, చెవికి ఇంపు. స, గ కలిపితే మన కీబోర్డు శ్రుతిలో అది సరిగ్గా పడదు, బురద అవుతుంది. గిటారువాళ్ళు రెండు తీగల మీదే ఎందుకు గడుపుతారో ఆ రోజు అర్థమైంది. మోరి ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది కాబట్టి నాకు ఈ చిక్కు లేదు. ఒంటి వేలితో వాయించాను. అయినా డి.ఎస్.1 గొంతు రంపంలా ఉంది. మావకి ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. "కర్ర కోత్తన్నావేటి?" అన్నాడు.

రెండోది చవకలో తెప్పించుకున్న ఫజ్ పెడల్, పేరున్న బిగ్ మఫ్‌కి నకలు. గదిలో అద్భుతంగా ఉంది. స్వరం తెగకుండా సాగుతుంది. మోరి ఊదేవాళ్ళు ముక్కుతో గాలి పీలుస్తూ బుగ్గల్లోని గాలితో ఊదుతారు, అందుకే మోరి మధ్యలో ఆగదు. ఇదీ ఆగలేదు. ఇంక దొరికిందనుకుని ఘాటెక్కి, మా ఊరి హారనుకి కలిపాను. గొంతే లేదు. దూరంగా దోమ ఎగిరినట్టుంది.

ఎందుకో తెలుసుకోవడానికి వారం పట్టింది. ఆ జాతి పెడల్ అడుగు స్వరాలనీ పై స్వరాలనీ పెంచి నడుమ స్వరాలని తగ్గిస్తుంది. హారను అడుగు స్వరాలు పలకదు, మరీ పైవీ పలకదు. పలికేది నడుమ భాగమే. పెడల్ తీసేసింది కాస్తా హారను పలికేదే. కొట్లో, ఇంట్లో, హెడ్‌ఫోనులో విని పెడల్ ఎంచుకోవద్దని నేను ఇప్పుడు అందరికీ చెప్పేది అందుకే. చివరికి ఏ స్పీకరులో పలకాలో దానికి కలిపి వినండి.

మూడోది నేను కొన్నది. బాస్ ఎస్.డి.1, పసుపుపచ్చది, 1981 నాటి నమూనా. నడుమ భాగాన్ని ముందుకు తోస్తుంది, అడుగు తగ్గిస్తుంది. అడుగుకి మాకు తుడుము ఉంది కదా. ఇంకో సుగుణం, ఇది తరంగం పైభాగాన్నీ కిందిభాగాన్నీ సమానంగా కోయదు. సమానంగా కోస్తే మూడింతలు, అయిదింతలు లాంటి బేసి స్వరాలే పుడతాయి. వంకరగా కోస్తే రెండింతలు, నాలుగింతలు కూడా పుడతాయి. మోరిలా కిందకి వెడల్పయ్యే గొట్టంలో సరి, బేసి రెండూ పలుకుతాయి. క్లారినెట్‌లా ఒకే వెడల్పున్న గొట్టంలో కింది స్థాయిలో బేసివే ఎక్కువ. పుస్తకంలో ఈ లెక్క చూశాకే కొన్నాను. చెవికి ఆ తేడా ఎంత తెలుస్తుందంటే, మావకి తెలిసింది.

పెద్ద ఊరి కొట్లో పెడల్‌తోపాటు అడాప్టరు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చి పెడితే లైటు వెలగలేదు. ఇలాంటి పెడళ్ళకి పిన్ను నడుమ మైనస్ ఉండాలి, వాళ్ళిచ్చినదానికి ప్లస్ ఉంది. బస్సు ఛార్జీలు లెక్కేసుకుని వెనక్కి ఇవ్వడం మానేశాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుపుతున్నాను. కొండ మీద కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి అదే మేలు.

పెడల్ కొన్నాక కూడా నెల రోజులు సరిగా పలకలేదు. తప్పులన్నీ నావే. ఈ పెడళ్ళు గిటారు బలహీనమైన సిగ్నలు కోసం చేసినవి. కీబోర్డులోంచి వచ్చేది దానికంటే చాలా బలమైనది. కీబోర్డు వాల్యూము మూడోవంతుకి దించితే గాని పెడల్‌కి ఊపిరాడలేదు. హెడ్‌ఫోన్ రంధ్రం స్టీరియో. మోనో జాక్ దూర్చితే ఒక చానెల్ షార్ట్ అవుతుంది. రెండుగా చీలే వైరు కొన్నాను. అది కొన్నాక ఒక ఉపాయం తట్టింది. ఎడమ వైరు నేరుగా మిక్సరుకి, కుడి వైరు పెడల్‌లోంచి మిక్సరుకి. శుభ్రమైన గొంతు ఒక మీటలో, గరుకు గొంతు ఇంకో మీటలో. రెండింటినీ పప్పులో ఉప్పులా కలుపుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద తప్పు రివర్బ్. కీబోర్డు తనంతట తనే కొంచెం గుడిలో పాడినట్టు మోగిస్తుంది. ఆ మోగుడు కూడా పెడల్‌లో పడి నలిగి నాశనమవుతుంది. కీబోర్డులో రివర్బ్, కోరస్ రెండూ ఆపేశాను. కావాలంటే పెడల్ తర్వాత, మిక్సరులో వేసుకోవాలి.

ఇక వాయిస్. షెహనాయ్ వాయిస్‌కి దాని సొంత వణుకు ఉంది, అది మా పాటకి అడ్డొచ్చింది. ఒక రాత్రి ఒక్కొక్క వాయిస్ నొక్కుకుంటూ పోతే ఓబో దగ్గర చెయ్యి ఆగింది. యూరప్ వాద్యం. అదీ రెండాకుల పీకతో, కిందకి వెడల్పయ్యే గొట్టంతో ఊదేదే. మోరికి దూరపు చుట్టం. దాన్ని పెడల్‌లోకి పంపి, డ్రైవ్ నాబ్ పావు వంతు తిప్పాను. మావ పాత మోరి కీబోర్డు మెట్ల మధ్యలో ఎక్కడో పలుకుతుంది కాబట్టి, ట్యూనింగు 440 నుంచి 447కి పెంచాను. మర్నాడు ఊరెళ్ళి హారనుకి కలిపి వాయించాను. మావ తన గుమ్మంలోంచి లేచి వచ్చాడు. పెడల్ ముందు గొంతుక్కూర్చున్నాడు. నాబ్ మీద వేలు పెట్టి, "దీన్ని తిప్పితే సెమట పడతాదా?" అన్నాడు. కొంచెం తగ్గించాడు. అక్కడ మా ఆవిడ ఎర్ర గోళ్ళరంగుతో గుర్తు పెట్టాను. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది.

ఆగస్టు 9న మా బళ్ళో ఆదివాసీ దినోత్సవం. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి చేతులు కలిపారు. తుడుము పడింది, నేను ఎత్తుకున్నాను. గొంతు విని ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు మోరి ఎక్కడుందా అని వెతుక్కున్నారు. నాకు గర్వం వచ్చిన మాట నిజం. రెండు నిమిషాలు బాగా నడిచింది. తర్వాత వరస తడబడింది. సగం మంది ముందుకి, సగం మంది వెనక్కి. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు. ఆపేశాను.

వరస చివరనున్న పెద్దామె నా దగ్గరికొచ్చింది. "మేస్టారూ, గొంతు బాగుంది. మలుపు సెప్పకపోతే మేం ఎలగ తిరుగుతాం?"

మావ మోరి ఊదేటప్పుడు అడుగు మారే ముందు ఒక చిన్న మెలిక వేస్తాడు. స్వరం ఒకటి పైకి జారి విరుగుతుంది. నలభై ఏళ్ళుగా వింటున్నాను, ఎన్నడూ దాన్ని విన్నట్టు నాకే తెలియదు. కాళ్ళకి మాత్రం తెలుసు. ఏ అడుగు ఎన్నిసార్లు పడాలో లెక్క ఉండదు. ఆడేవాళ్ళ అలుపు చూసి, ఊదేవాడు మారుస్తాడు. నేనేమో కీబోర్డు వంక చూస్తూ అదే వరస మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నాను. గరుకు కోసం ఏడాది పడిన నేను వాళ్ళ కాళ్ళ వంక ఒక్కసారి చూడలేదు.

మావ కుర్చీలోంచి లేచాడు. నా పక్కన నిలబడి, మలుపు దగ్గర నా భుజం మీద తట్టాడు. నేను పిచ్ చక్రం తోసి ఆ జారుడు వేయబోయాను. సరిగా రాలేదు. ఆయనే "హోయ్" అని అరిచాడు. వరస తిరిగింది. ఆ సాయంత్రమంతా అలాగే గడిచింది. వేళ్ళు నావి, తట్టుడు ఆయనది.

తర్వాత జట్టువాళ్ళతో ఒక మాట అనుకున్నాం. ఎక్కడికి పిలిచినా మావ పక్కన ఉండాల్సిందే, మోరి వాటా ఆయనకే. నాకు జీతం ఉంది. ఒకరిద్దరు గొణిగారు, పళ్ళు లేని మనిషికి వాటా ఏమిటని. వాళ్ళ వాదన పూర్తిగా కొట్టెయ్యలేను, జట్టుకి వచ్చేదే తక్కువ. రేపు నేను బదిలీ అయిపోతే, లేదా మావే లేకపోతే, ఆ పసుపు డబ్బా ఎవరి చేతిలో పడుతుందో, వాళ్ళు మలుపులు చెబుతారో లేదో అన్న భయం నాకుంది. నేను మోరి గొంతుని బతికించానో, మోరి లేకపోయినా ఫరవాలేదని ఊరికి నేర్పానో, రాత్రిపూట ఘాటు దిగుతున్నప్పుడు తేల్చుకోలేను.

ఈ భయంతోనే ఆదివారాలు మావ దగ్గర కూర్చుని మలుపులన్నీ ఫోన్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాను. ఊదలేడు కాబట్టి నోటితో అంటాడు. మా బడి పిల్లలు కూడా చుట్టూ చేరతారు. మగపిల్లలకి పెడల్ మీదే కన్ను, నాబ్ తిప్పి నవ్వుకుంటారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం చూరులో గుడ్డ చుట్టి దోపిన మోరి వైపే చూస్తూ, "ఆడోళ్ళు ఊదకూడదా సార్?" అని నన్నడిగింది. మా వైపు ఆడవాళ్ళు మోరి ఊదగా నేను చూడలేదు. ఏం చెప్పాలో తోచక మావ వంక చూశాను.

"ఊదమను," అన్నాడు మావ. "దానికి పళ్ళున్నాయి గదా."

కొత్త పీక చేసిచ్చాడు. ఆ పిల్లకి ఇప్పటికి రెండు స్వరాలు వచ్చాయి, మూడోది బాతు అరిచినట్టుంది. మిగతా పాటకి ఇంకా పెడలే వాడుతున్నాం. ఎర్ర గుర్తు దాటి తిప్పొద్దని మగపిల్లలకి చెప్పాను. తెగిన తరంగం హారను యూనిట్‌ని కాల్చేస్తుంది, కొత్తది వెయ్యడానికి మళ్ళీ నర్సీపట్నం దిగాలి.